జాష్ గిబ్సన్: 800 హోమ్‌రన్లా, 174నా?

అమెరికాలో నల్లవాళ్ల బేస్‌బాల్ పోటీలైన నీగ్రో లీగ్‌లలో ఆడిన జాష్ గిబ్సన్ గురించి మీరు మూడు ప్రశ్నలు కలిపి అడిగారు. హాల్ ఆఫ్ ఫేమ్ (బేస్‌బాల్ గొప్పవాళ్ల గౌరవశాల) ఫలకం మీద "దాదాపు 800 హోమ్‌రన్లు" (బంతిని గోడ దాటించే దెబ్బలు) అని ఉంటే మేజర్ లీగ్ (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్) అధికారిక పట్టికలో 174 మాత్రమే ఎందుకున్నాయి? 2024లో కెరీర్ సగటుల జాబితాలో అతన్ని పాతకాలపు మేజర్ లీగ్ బ్యాటర్ టై కాబ్ కంటే పైన పెట్టడం న్యాయమేనా? అంతటి ఆటగాడు మేజర్ లీగ్‌లో ఒక్క ఆటైనా ఎందుకు ఆడలేదు?

చివరిదానికి జవాబు ఒక్క వాక్యంలో అయిపోతుంది. 1880ల చివరి నుంచి 1947 దాకా మేజర్ లీగ్ యజమానులు నల్లవాళ్లను తీసుకోలేదు. ఆ నిషేధాన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు, అయినా అందరూ పాటించారు. మిగతా రెండు ప్రశ్నలకు మాత్రం అతను ఎక్కడ, ఎవరి మీద, ఎలాంటి మైదానాల్లో ఆడాడో తెలియాలి. అది తెలియకుండా చూస్తే 800 ఒక అబద్ధంలా, 174 ఒక అన్యాయంలా కనిపిస్తాయి. నిజానికి రెండూ సరైన అంకెలే కావచ్చు. లెక్కబెట్టిన ఆటలే వేరు.

గిబ్సన్ 1911 డిసెంబరు 21న జార్జియా రాష్ట్రంలోని బ్యూనా విస్టాలో పుట్టాడు. తండ్రి ఉక్కు కర్మాగారంలో పని కోసం పిట్స్‌బర్గ్ వెళ్లి, నిలదొక్కుకున్నాక 1924 ప్రాంతంలో కుటుంబాన్ని తీసుకెళ్లాడు. కుర్రాడు ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటూ మధ్యలో బడి మానేశాడు. ఎయిర్‌బ్రేకుల ఫ్యాక్టరీలో, తర్వాత గింబెల్స్ అనే పెద్ద దుకాణంలో లిఫ్ట్ దగ్గర పనిచేశాడు. ఆ దుకాణం జట్టుకే ఆడాడు. అక్కడి నుంచి అప్పటికింకా సెమీప్రొఫెషనల్ జట్టుగా ఉన్న పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్‌కి వెళ్లాడు.

1930 జూలైలో హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టులో చేరడం గురించి ఒక కథ బాగా తిరుగుతుంది. ఫోర్బ్స్ ఫీల్డ్‌లో కాన్సాస్ సిటీ మోనార్క్స్ తమ వెంట తెచ్చుకున్న దీపాల వెలుతురులో ఆట జరుగుతోంది, గ్రేస్ క్యాచర్ (క్రికెట్ వికెట్ కీపర్‌లా బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) బక్ యూయింగ్ వేలికి దెబ్బ తగిలింది, ప్రేక్షకుల్లో కూర్చున్న గిబ్సన్‌ని పిలిచి అప్పటికప్పుడు దింపారు, అని. సినిమాకి పనికొచ్చే సన్నివేశమే గానీ, తేదీలు ఆనాటి స్కోరు పట్టికలతో సరిపోవు. అతను అప్పటికే ఊళ్లో అందరికీ తెలిసిన క్యాచర్. గ్రేస్ వాళ్ల కన్ను అతని మీద ముందునుంచే ఉంది. జూలై ఆఖరుకి జట్టులో ఉన్నాడన్నది మాత్రం ఖాయం. ఆగస్టులో కవల పిల్లల్ని కని భార్య హెలెన్ చనిపోయింది. సెప్టెంబరులో న్యూయార్క్ లింకన్ జెయింట్స్ మీద జరిగిన సిరీస్‌లో ఫోర్బ్స్ ఫీల్డ్‌లోనూ యాంకీ స్టేడియంలోనూ భారీ హోమ్‌రన్లు కొట్టాడు. అప్పటికి అతనికి ఇంకా 19 నిండలేదు.

ఆ తర్వాతి దారి ఇది. 1932లో యజమాని గస్ గ్రీన్లీ డబ్బుతో పెద్ద జట్టుగా మారిన క్రాఫర్డ్స్‌కి వెళ్లాడు. పిచర్ (బంతి విసిరేవాడు) సాచెల్ పేజ్, కూల్ పాపా బెల్, ఆస్కార్ చార్లెస్టన్, జూడీ జాన్సన్, గిబ్సన్, మొత్తం ఐదుగురు హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు ఒకే జట్టులో ఆడిన రోజులవి. 1937లో గ్రీన్లీ చేతిలో డబ్బు ఆడక అతన్నీ జాన్సన్‌నీ ఇద్దరు ఆటగాళ్లకు, 2,500 డాలర్లకు గ్రేస్‌కి ఇచ్చేశాడు. ఆ వేసవిలోనే డొమినికన్ రిపబ్లిక్ నియంత ట్రుహియో పేరు పెట్టుకున్న రాజధాని జట్టుకి పేజ్, బెల్‌లతో కలిసి ఆడి, .453 సగటుతో అక్కడ అందరికంటే పైన నిలిచాడు. తిరిగొచ్చాక గ్రేస్‌లో మరో పెద్ద బ్యాటర్ బక్ లెనర్డ్‌తో జోడీ కట్టాడు. ఆ ఏడాదితో మొదలై 1945 దాకా గ్రేస్ వరుసగా తొమ్మిది లీగ్ టైటిళ్లు గెలిచింది. అందులో 1940, 1941 మాత్రం దాదాపు గిబ్సన్ లేకుండానే గెలిచినవి. ఎందుకంటే ఆ రెండేళ్లూ అతను ఎక్కువగా దేశం బయట ఆడాడు, 1941లో మెక్సికోలో ఉన్నాడు.

మెక్సికో సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి, అంకెల గొడవలో దాని పాత్ర ఉంది. గ్రేస్ 4,000 డాలర్లు ఇస్తానంటే వెరాక్రూజ్ జట్టు 6,000 ఇచ్చింది. గ్రేస్ యజమాని కమ్ పోసీ కోర్టుకెక్కి 10,000 డాలర్లకూ గిబ్సన్ ఇంటి మీదా తీర్పు తెచ్చుకున్నాడు. 1942కి తిరిగొస్తే వదిలేస్తానన్నాడు, గిబ్సన్ వచ్చాడు. ఈలోగా 1941లో అక్కడ 94 ఆటల్లో 33 హోమ్‌రన్లు, 124 ఆర్‌బీఐలు (అతని దెబ్బల వల్ల జట్టుకి వచ్చిన పరుగులు) చేశాడు. చూడగానే కళ్లు తిరిగే లెక్క. కానీ ఆ జట్టు పేరుకే వెరాక్రూజ్, సొంత మైదానం మెక్సికో సిటీలో. సముద్రమట్టానికి 2,200 మీటర్ల పైన గాలి పలచగా ఉంటుంది, బంతికి అడ్డు తక్కువ, అదే దెబ్బ ఇంకా దూరం వెళ్తుంది. అందుకే ఈ 33ని గ్రేస్ రెండో సొంత ఊరు వాషింగ్టన్‌లో కొట్టినవాటితో కలపకూడదు. అదే శీతాకాలంలో ప్వెర్టో రికోలో శాంతూర్సే జట్టుకి .480 కొట్టాడు. అదీ వేరే ఖాతాయే.

ఇక 800 దగ్గరికి వద్దాం. నీగ్రో లీగ్ జట్లు లీగ్ ఆటల మీద బతకలేదు. వారాంతంలో పెద్ద ఊళ్లలో లీగ్ ఆటలు, మిగతా రోజుల్లో బస్సెక్కి చిన్న ఊళ్లలో ఫ్యాక్టరీ జట్ల మీద, సెమీప్రొఫెషనల్ జట్ల మీద, అప్పుడప్పుడూ తెల్ల మేజర్ లీగర్ల జట్ల మీద ఆటలు. ఒక్కోరోజు రెండు ఊళ్లు. గేటు డబ్బులో వాటా వాటినుంచే వచ్చేది. ఏడాదికి లీగ్ ఆటలు అరవైకి అటూ ఇటూ ఉంటే, మొత్తం ఆటలు దానికి రెండు మూడు రెట్లు. గిబ్సన్ పేరుమీద తిరిగే "1931లో 75, 1934లో 69, 1936లో 84" లాంటి అంకెలు ఈ మొత్తం ఆటలవి. ఇందులో చాలావాటికి స్కోరు పట్టిక లేదు, ఉన్నా ప్రత్యర్థి ఎవరో చూస్తే పోలికకి పనికిరాదు. కాబట్టి "దాదాపు 800" అన్నది అసాధ్యం కాదు, అలాగని నిరూపించగలిగేదీ కాదు. ఫలకం మీది వాక్యాన్ని పూర్తిగా చదవండి: లీగ్ ఆటలూ, లీగ్ బయటి ఆటలూ కలిపి అనే అక్కడ రాసి ఉంది. సగం వాక్యాన్ని కోసి పోస్టర్ మీద వేసుకున్నవాళ్లతోనే చిక్కు.

174 ఎక్కడిదంటే, 2020 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ 1920 నుంచి 1948 మధ్య నడిచిన ఏడు నీగ్రో లీగ్‌లకు మేజర్ లీగ్ హోదా ఇచ్చింది. మేజర్ లీగ్ అధికారిక చరిత్రకారుడు జాన్ థార్న్ అధ్యక్షతన వేసిన కమిటీ పరిశీలించాక 2024 మే చివర్లో ఆ అంకెల్ని అధికారిక రికార్డుల్లో కలిపారు. ఆధారం స్కోరు పట్టికలు. పిట్స్‌బర్గ్ కూరియర్, షికాగో డిఫెండర్ లాంటి నల్లవాళ్ల వారపత్రికల్లోంచి, స్థానిక దినపత్రికల్లోంచి పరిశోధకులు ఏళ్ల తరబడి ఏరి కూర్చినవి. అయినా లీగ్ ఆటల్లో దాదాపు నాలుగింట మూడొంతులకే పట్టికలు దొరికాయి. అంటే 174 అన్నది గిబ్సన్ కొట్టిన లీగ్ హోమ్‌రన్ల మొత్తం కాదు, కాగితం దొరికిన ఆటల్లో కొట్టినవి. ఇంకో పట్టిక దొరికితే మారుతుంది, ఇప్పటికే ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ జరిగాయి. అందుకే రెండు వెబ్‌సైట్లలో తేడా కనిపిస్తే కంగారు పడొద్దు. ముందు చూడాల్సింది ఆ సైటు ఏ ఆటల్ని కలిపిందో. కొన్నిచోట్ల ప్రదర్శన ఆటలు, కరీబియన్ లీగ్‌లు కూడా కలిపి చూపిస్తారు.

క్రికెట్ తెలిసినవాళ్లకి ఇది కొత్త సమస్యేం కాదు. సి.కె. నాయుడు టెస్ట్ రికార్డు ఏడు ఆటలు, 350 పరుగులు, సగటు 25. మొదటి టెస్ట్ ఆడేసరికి ఆయనకి 36 ఏళ్లు. 1926లో ఎమ్‌సీసీ మీద పదకొండు సిక్సర్లతో కొట్టిన 153 ఆ లెక్కలో లేదు. మొత్తం సంఖ్య తక్కువుంటే అది ఆటగాడి గురించి కాదు, అతనికి దక్కిన అవకాశాల గురించి చెబుతుంది.

అందుకే గిబ్సన్ విషయంలో మొత్తాలు పక్కనపెట్టి రేట్లు చూడాలి. 2024లో చేర్చిన లెక్క ప్రకారం దాదాపు 2,255 ఎట్‌బ్యాట్లు, సగటు .372, స్లగింగ్ .718, ఓపీఎస్ 1.177. బేస్‌బాల్‌లో ఎట్‌బ్యాట్ అంటే బ్యాటర్ వంతుల్లోంచి వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకి ఉచితంగా దక్కే మొదటి బేస్), త్యాగపు షాట్ల లాంటివి తీసేస్తే మిగిలేది. సగటు అంటే ఆ ఎట్‌బ్యాట్లలో హిట్‌ల వాటా. .372 అంటే వెయ్యికి 372. స్లగింగ్‌లో సింగిల్‌కి ఒకటి, డబుల్‌కి రెండు, ట్రిపుల్‌కి మూడు, హోమ్‌రన్‌కి నాలుగు వేసి, ఆ మొత్తాన్ని ఎట్‌బ్యాట్లతో భాగిస్తారు. హోమ్‌రన్ కొట్టేవాడి విలువ సగటులో కనపడదు, ఇక్కడ కనపడుతుంది. ఓపీఎస్ అంటే బేస్ చేరిన శాతానికి స్లగింగ్‌ని కలపడం.

ఇప్పుడు కాబ్ సంగతి. కాబ్ .367, గిబ్సన్ .372. పత్రికలన్నీ పెద్దక్షరాల్లో వేసింది ఈ తేడానే, అసలు పట్టించుకోనక్కర్లేనిదీ ఇదే. 2,255 ఎట్‌బ్యాట్ల మీద .372 సగటు ఉన్నవాడికి, అదృష్టం ఒక్కటే పది పాయింట్లు (పాయింట్ అంటే .001) అటూ ఇటూ తోసేస్తుంది (ద్విపద సూత్రం వేసి చూసుకోండి, .372 ని .628 తో గుణించి 2,255 తో భాగించి వర్గమూలం తీస్తే .010 వస్తుంది). ఐదు పాయింట్ల తేడా ఆ ఊపులోనే కలిసిపోతుంది. కాబ్‌కి 11,000 పైచిలుకు ఎట్‌బ్యాట్లున్నాయి కాబట్టి అతని అంకె చాలా గట్టిది. "అన్ని కాలాల్లో అత్యధిక సగటు ఎవరిది" అని క్విజ్‌లో అడిగితే గిబ్సన్ అని రాయండి, నిబంధన ప్రకారం సరైన జవాబు అదే. వాదనకి మాత్రం దాన్ని ఆధారం చేసుకోకండి.

ఆ నిబంధన గురించి ఒక మాట. కెరీర్ సగటుల జాబితాకి మామూలుగా 5,000 ఎట్‌బ్యాట్లు కావాలి. నీగ్రో లీగ్ ఆటగాళ్లకి 1,800 పెట్టారు. దాన్ని దయ అనుకుంటే పొరపాటు. అరవై ఆటల సీజన్, ఆటకి మూడు ఎట్‌బ్యాట్లు, పదేళ్లు, గుణిస్తే 1,800 వస్తుంది. కోవిడ్ ఏడాది 2020లో మేజర్ లీగ్‌లోనూ జట్టుకి అరవై ఆటలే. ఆ ఏడాది బ్యాటింగ్ ఛాంపియన్లను ఒప్పుకున్నవాళ్లు దీన్ని కాదనలేరు.

1943 సీజన్ సగటు .466 కూడా ఇప్పుడు ఒక సీజన్‌కి అత్యధికం. ఇక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎట్‌బ్యాట్లు దాదాపు 250. అంత తక్కువలో .400 స్థాయి బ్యాటర్‌కి ముప్ఫై పాయింట్ల ఊపు మామూలు విషయం. 1941లో మేజర్ లీగ్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ .406 కొట్టినప్పుడు 456 ఎట్‌బ్యాట్లు. పైగా 1943 యుద్ధకాలం, తెల్ల, నల్ల లీగ్‌లు రెండు వైపులా పిచర్లు సైన్యంలోకి వెళ్లిపోయి పిచింగ్ పలచబడిన ఏడాది. ఈ కారణాలన్నీ చెప్పుకున్నాక కూడా ఒకటి మిగులుతుంది: ఆ ఏడాది జనవరి 1న గిబ్సన్ స్పృహ తప్పి పడిపోయాడు, మెదడులో గడ్డ ఉందన్నారు, శస్త్రచికిత్స వద్దన్నాడు, వేసవిలో ఆసుపత్రికీ మైదానానికీ మధ్య తిరుగుతూ ఆడాడు.

నా లెక్కలో గట్టి వాదన స్లగింగ్‌ది. గిబ్సన్ .718, మేజర్ లీగ్ హోమ్‌రన్ల వీరుడు బేబ్ రూత్ .690. ఈ తేడాలోనూ కొంత ఊపు ఉండొచ్చు, కానీ ఇది రెండు విషయాలు గిబ్సన్‌కి వ్యతిరేకంగా ఉండి కూడా వచ్చింది. మొదటిది మైదానం. గ్రేస్ తమ పెద్ద ఆటల్ని 1940 ప్రాంతం నుంచి ఎక్కువగా వాషింగ్టన్ గ్రిఫిత్ స్టేడియంలో ఆడింది. అక్కడ ఎడమ గీత (మైదానం ఎడమ హద్దు) వెంబడే గోడ 405 అడుగులు, అంటే 123 మీటర్లు. పిట్స్‌బర్గ్ ఫోర్బ్స్ ఫీల్డ్‌లో ఎడమ గీత 365 అడుగులు, ఎడమ-మధ్య లోతు 457. గిబ్సన్ కుడిచేతి బ్యాటర్, లాగి కొడితే బంతి వెళ్లేది ఆ వైపే. రూత్ ఎడమచేతి వాటం. యాంకీ స్టేడియం కుడి గీత 300 అడుగులకి దగ్గర్లోనే ముగిసేది. రెండోది క్యాచర్ స్థానం. రోజంతా మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లకి దెబ్బలు తింటూ, రాత్రి బస్సులో నిద్రపోయి, మర్నాడు మళ్లీ అదే పని. క్యాచర్ల బ్యాటింగ్ ముప్ఫై దాటాక దెబ్బతినేది ఇందుకే. గిబ్సన్ మోకాళ్లు చివరి రెండేళ్లలో చూసేవాళ్లకే తెలిసిపోయేంత పాడయ్యాయి.

హోమ్‌రన్ వేగం కావాలంటే, 174 హోమ్‌రన్లకి 2,255 ఎట్‌బ్యాట్లు, అంటే పదమూడుకొకటి. రూత్ 8,399లో 714, పన్నెండుకి కాస్త లోపు. హోమ్‌రన్లు బాగా కొట్టిన మరో క్యాచర్ మైక్ పియాజా 6,911లో 427, అంటే పదహారుకొకటి. పియాజాకి దక్కినన్ని అవకాశాలు గిబ్సన్ వేగంతో గుణిస్తే 530 దాటుతుంది. ఈ గుణకారం వయసు తెచ్చే తగ్గుదలని లెక్కలోకి తీసుకోదు, కాబట్టి దాన్ని జోస్యంగా కాక ఒక అందాజుగానే చూడండి. క్యాచర్లలో అతనికి పోటీ లేదన్నది మాత్రం ఏ లెక్క వేసినా మారదు.

ప్రత్యర్థి స్థాయి గురించి అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. నీగ్రో లీగ్‌లలో అట్టడుగు పిచర్లు మేజర్ లీగ్ అట్టడుగు కంటే బలహీనమే. జట్టుకి పద్నాలుగు పదహారు మందే ఉండేవారు, అలసిన పిచరే మళ్లీ వేయాల్సొచ్చేది. పైవాళ్లు మాత్రం ఎక్కడైనా పైవాళ్లే. ఆ మాటకొస్తే 1947కి ముందు తెల్ల మేజర్ లీగ్ బ్యాటర్లు కూడా సాచెల్ పేజ్‌ని ఎదుర్కోకుండానే రికార్డులు కట్టుకున్నారు. తగ్గింపు వేస్తే రెండు ఖాతాల్లోనూ వేయాలి.

కొట్టే తీరు గురించి చూసినవాళ్ల మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. పాదాలు రెండూ నేలకి ఆన్చి, ఎడంగా పెట్టి నిలబడేవాడు. ముందుకి పెద్ద అడుగు వేసేవాడు కాదు, రూత్‌లా ఒళ్లంతా తిప్పేవాడూ కాదు. బలం భుజాల్లోంచి, మణికట్టులోంచి. దానివల్ల లాభం ఏమిటంటే, అడుగు చిన్నదైతే తల కదలదు, బంతిని మరికాస్త ఆలస్యంగా, మరికాస్త దగ్గరగా చూసి నిర్ణయించుకోవచ్చు, వంపు తిరిగే బంతికి ముందే కట్టుబడిపోనక్కర్లేదు. పొడవు ఆరడుగుల ఒకంగుళం, బరువు రెండొందల పౌండ్ల పైన, చేతులు ఆ పనికి సరిపోయేవి. ఇదే తీరు సన్నగా ఉండేవాడు అనుకరిస్తే బంతి ఔట్‌ఫీల్డ్‌లో చేతికి చిక్కుతుంది.

క్యాచర్‌గా అతని విసురు బలమైనది. పైకి లేచిన పాప్ ఫ్లై బంతుల కింద మాత్రం తడబడేవాడని సహ ఆటగాళ్లే చెప్పారు. 1939లో ఒకప్పటి మేజర్ లీగ్ పిచర్ వాల్టర్ జాన్సన్ అతన్ని చూసి, ఏ మేజర్ లీగ్ జట్టయినా రెండు లక్షల డాలర్లు పెట్టి కొనాల్సిన క్యాచర్ అన్నాడు, అంతలోనే రంగు సంగతి ఎత్తి విచారపడ్డాడు. విచారపడినవాళ్లు చాలామందే ఉన్నారు, కాంట్రాక్టు ఇచ్చినవాడు ఒక్కడూ లేడు.

నమ్మకూడనివి కూడా రెండు చెప్పాలి. 1934లో బంతిని యాంకీ స్టేడియం బయటికే పంపాడని, 580 అడుగుల దెబ్బ కొట్టాడని అంటారు. ఆనాటి పత్రికల్లో అలాంటి ఆట కనపడదు. 2015 నుంచి ప్రతి బంతినీ రాడార్, కెమెరాలతో కొలుస్తున్నా 500 అడుగులు దాటడమే అరుదు, 2019లో నోమార్ మజారా కొట్టిన 505 ఆ జాబితాలో తలమానికం. రెండోది, 1942 నీగ్రో వరల్డ్ సిరీస్‌లో పేజ్ కావాలని బ్యాటర్లకి వాక్‌లిచ్చి, బేస్‌లు నింపుకుని మరీ గిబ్సన్‌ని ఔట్ చేశాడన్న కథ. ఔట్ చేసింది నిజమే. బేస్‌లు నిండింది మాత్రం వరుస సింగిల్స్‌తో అని ఆనాటి వార్తలు చెబుతాయి. కావాలని వాక్‌లిచ్చానన్నది ఆ తర్వాత పేజ్ చెప్పుకున్న కథ. ఆ సిరీస్‌లో మోనార్క్స్ గ్రేస్‌ని చిత్తుగా ఓడించింది. గ్రేస్ 1943, 1944లో బర్మింగ్‌హామ్ బ్లాక్ బారన్స్ మీద గెలిచింది.

1947 జనవరి 20న పక్షవాతంతో చనిపోయాడు, 35 ఏళ్లు. మేజర్ లీగ్ నిషేధాన్ని బద్దలుకొట్టిన నల్ల ఆటగాడు జాకీ రాబిన్సన్ డాడ్జర్స్‌కి ఆడటం మొదలుపెట్టింది అదే ఏడాది ఏప్రిల్ 15న. తనని కాక రాబిన్సన్‌ని ఎంచుకున్నందుకు గుండె పగిలి పోయాడని రాస్తుంటారు. గడ్డ బయటపడింది రాబిన్సన్ సంతకానికి దాదాపు మూడేళ్ల ముందు, తాగుడు అప్పటికే ఉంది, మోకాళ్లు పోయాయి. 1945 అక్టోబరులో డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీ కుర్ర ఆటగాడి కోసం వెతుకుతున్నాడు, గిబ్సన్‌కి 34 రాబోతున్నాయి. బాధ లేదని కాదు, చంపింది జబ్బు.

పిట్స్‌బర్గ్ అలెగెనీ శ్మశానంలో అతని సమాధికి 1975 దాకా రాయి లేదు. హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 1972లోనే బక్ లెనర్డ్‌తో పాటు తీసుకున్నారు, అంటే ఫలకం వచ్చిన మూడేళ్లకి గానీ సమాధి మీద పేరు రాలేదు. వాషింగ్టన్ నేషనల్స్ పార్క్ దగ్గర విగ్రహం ఉంది. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వర ఆలయానికి వెళ్లే మనవాళ్లకి శ్మశానం కారులో కాస్త దూరమే.

మీరు వ్యాసం రాస్తున్నానన్నారు కాబట్టి: "174" రాస్తే పక్కన "స్కోరు పట్టికలు దొరికిన నీగ్రో లీగ్ ఆటల్లో" అని, "దాదాపు 800" రాస్తే పక్కన "అన్ని రకాల ఆటలూ కలిపి, హాల్ ఆఫ్ ఫేమ్ ఫలకం ప్రకారం" అని పెట్టండి. మెక్సికో, ప్వెర్టో రికో, డొమినికన్ అంకెల్ని ఈ రెంటిలో దేనికీ కలపకండి, దేశం పేరుతో విడిగా ఇవ్వండి. సగటు ఇచ్చిన ప్రతిచోటా ఎట్‌బ్యాట్లు కూడా ఇవ్వండి.